నేను చూపించిన తేనె

సూర్యాపేట దవాఖాన వరండాలో లింగమ్మ నన్ను ఒక మాట అడిగింది. ఆ సమయానికి ఆమె భర్త యాదగిరి లోపల ఆపరేషన్ బల్ల మీద ఉన్నాడు.

"అన్నా, నీకు తేనెతోనే షుగర్ తగ్గింది గదా. మా ఆయనకు ఎందుకు తగ్గలే?"

దానికి జవాబు నా చొక్కా లోపలి జేబులోనే ఉంది. షుగర్ గోలీల పట్టీ. తీసి ఆమె చేతిలో పెడితే చాలు. తీయలేదు. "ఒక్కొక్కరి ఒళ్లు ఒక్కో తీరు, చెల్లె" అన్నాను. ఆమె తల ఊపింది. నమ్మింది.

నా మాట నమ్మడం మా దిక్కు చాలామందికి అలవాటు. నేను బియ్యం బ్రోకర్‌ని. పేరు నర్సింహ. కాపురం సూర్యాపేటలో, తిరుగుడంతా కోదాడ, మిర్యాలగూడ మిల్లుల మధ్య బస్సుల్లో. ఈ మధ్య కోదాడలో ఒకాయన, నేనెవరో తెలియక, నాకే చెప్పాడు: "సూర్యాపేటల ఒక బ్రోకర్ ఉన్నడంట. తేనె తాగి షుగర్ మొత్తం ఖతం చేసుకున్నడంట." ఆ బ్రోకర్‌ని నేనే. నా షుగర్ ఖతం కాలేదు. పన్నెండేళ్లుగా నాతోనే ఉంది. అయినా నా రెండు కళ్లు కనిపిస్తున్నాయి, కాలి వేళ్లు పదీ ఉన్నాయి, నలభై తొమ్మిదేళ్ల వయసులో మిల్లు మెట్లు ఆగకుండా ఎక్కుతాను. ఇది గర్వంగానే రాస్తున్నాను. అయితే ఆ గొప్ప తేనెది కాదు. ఎవరిదో చెప్పడానికే ఇదంతా.

మా పనిలో ఉన్న రెండు పద్ధతులు ముందు చెప్పాలి. ఒకటి చాయ్. ఏ మిల్లుకు వెళ్లినా చాయ్ తాగిన తరువాతే శాంపిల్ సంచి విప్పుతాం. చాయ్ వద్దన్నామంటే బేరం వద్దన్నట్టే. రోజుకు ఎన్ని మిల్లులు తిరిగితే అన్ని చాయ్‌లు. రెండోది, శాంపిల్ మాట. నేను చూపించిన బియ్యం ఒకటి, లారీలో దిగిన బియ్యం ఇంకొకటి అయిందనుకోండి, బ్రోకర్ స్వయంగా ఆ మిల్లు కళ్లంలోకి, అంటే వడ్లు ఆరబోసే చోటికి, వచ్చి నిలబడాలి. కుడి గుప్పిట్లో శాంపిల్, ఎడమ గుప్పిట్లో దిగిన సరుకు. హమాలీల నుంచి సేటు దాకా అందరి ముందు రెండు గుప్పిళ్లూ తెరవాలి. "శాంపిల్ వేరు, సరుకు వేరు. తప్పు నాది" అనాలి. ఆ తరువాత ఎవరూ ఇంకో మాట అనరు. గుప్పిళ్లు తెరవకుండా తప్పించుకున్న బ్రోకర్‌కు మాత్రం మళ్లీ ఏ మిల్లులోనూ చాయ్ పుట్టదు.

నాకు ఒక్కసారి కూడా గుప్పిళ్లు తెరవాల్సిన అవసరం రాలేదని చెప్పుకుని మురిసిపోయేవాణ్ని.

ఎనభై ఆరు వానాకాలంలో జబ్బు బయటపడింది. మొదట దాహం. మిర్యాలగూడ నుంచి కోదాడ వెళ్లే బస్సులో నీళ్ల సీసా ఖాళీ చేసేవాణ్ని, హుజూర్‌నగర్ రాకముందే బస్సు ఆపమని బతిమాలేవాణ్ని. ఆ బస్సు కండక్టర్ నాకు బాగా ఎరుక. "బ్రోకర్ సాబ్, నీ కోసం బస్సు గాదు, ట్యాంకర్ నడపాలె" అని బస్సంతా నవ్వించాడు. నేనూ నవ్వాను. ప్యాంటు నడుం దగ్గర వదులైపోతుంటే మాత్రం నవ్వు రాలేదు.

సూర్యాపేటలో డాక్టరమ్మ గది బయట బెంచీ ఇరుకు. తిరుమలగిరి నుంచి వచ్చిన పత్తి రైతు ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. కాలికి కట్టు. నేను మాటిమాటికీ లేచి బయటికి పోతుంటే, వచ్చేసరికి ఎవరో నా చోట కూర్చోకుండా తన తువ్వాల పరిచి ఉంచేవాడు. "పోయిరా బిడ్డా, నీ జాగ యాడికి పోదు" అనేవాడు. ఆయన పేరు అడగలేదు. ఆ తువ్వాల ఇప్పటికీ గుర్తుంది.

డాక్టరమ్మ ఒక గాజు గొట్టంలో నీలం మందు పోసి, నా మూత్రం కొన్ని చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద కాచింది. నీలం ఆకుపచ్చ అయింది, పసుపు అయింది, చివరికి కాల్చిన ఇటుక రంగుకు వచ్చి ఆగింది. "నీలంగానే ఉండాలి. మీది ఇటుక దాకా వచ్చింది" అంది. షుగర్ అంటే అప్పట్లో మా దిక్కు జనానికి తెలిసినవి రెండే: కాలు తీసేస్తారు, కళ్లు పోతాయి. నాకు మూడో భయం కూడా పట్టుకుంది. రోగిష్టి బ్రోకర్‌కు సరుకు ఎవరు అప్పగిస్తారు? బస్టాండ్ దాకా నడుస్తూ, డాక్టరమ్మ ఇచ్చిన గోలీల పట్టీని లోపలి జేబులోకి తోసేశాను. అది అక్కడే ఉండిపోయింది.

ఇంట్లో నా భార్య సుగుణకు చెప్పాను. ఆమెది కోదాడ దగ్గర అనంతగిరి. ఏడవలేదు. "ఏం తినమంది?" అని మాత్రం అడిగింది.

మెల్లగా అరిగేవి తినమంది డాక్టరమ్మ. జొన్న రొట్టె, సజ్జ రొట్టె, ఆకుకూర, పప్పు, మజ్జిగ. అన్నం తినాలనిపిస్తే పిడికెడు, అదీ ఉప్పుడు బియ్యం. ఉప్పుడు బియ్యం అంటే వడ్లను ఉడకబెట్టి ఎండబోసి మరపట్టినవి. మిర్యాలగూడ నుంచి ఎన్ని లారీలు ఎక్కించానో, ఒక్క మెతుకు నోట్లో పెట్టి ఎరగను. అది పై రాష్ట్రాలవాళ్ల తిండి అని మా మిల్లోళ్లకు చిన్నచూపు. మర్నాడు సుగుణ అవే వండింది. మా అమ్మ కంచం చూసి నెత్తి కొట్టుకుంది.

"సన్నబియ్యం అమ్మేటోని ఇంట్ల గీ దొడ్డు మెతుకులేందే? కూలోళ్లం అయినమా ఏంది?"

"కాళ్లుండే కూలోళ్లమవుదాం అత్తమ్మా" అంది సుగుణ.

ఆ రోజు నేను అమ్మిన బియ్యం నేను తిన్నాను. రుచి పట్టడానికి నెల పట్టింది. తరువాత కోదాడ సేట్లకు ధైర్యంగా చెప్పేవాణ్ని, ఉప్పుడు బియ్యం ఎట్లుంటదో నోటితో చూసిన బ్రోకర్‌ని నేనొక్కణ్నే అని.

తిండితో సర్దుకున్నాను. చాయ్ దగ్గర మాత్రం చిక్కొచ్చింది. చక్కెర వద్దంటే ఎందుకంటారు. ఎందుకో చెబితే మిల్లులన్నిటికీ తెలిసిపోతుంది. అప్పుడే సుగుణ వాళ్లన్న మఠంపల్లి సున్నపురాయి క్వారీ నుంచి తేనె తెచ్చాడు. బండల సందుల్లో పట్టిన తేనె, ముదురు రంగు, కొంచెం వగరు.

"బావా, చక్కెర ఫ్యాక్టరీది. తేనె దేవునిది. దేవునిది ఒంటికి పడకుండ ఉంటదా?" అన్నాడు.

నాకు ఆ మాట ఎంత నచ్చిందో! మర్నాడు హోమియోపతి మందుసీసా ఒకటి కడిగి, తేనె నింపి, పై జేబులో పెట్టుకుని బయలుదేరాను. చక్కెర ఎందుకు వద్దని ఎవరన్నా అడిగితే తేనె అలవాటైందని చెప్పొచ్చు.

సుగుణ ఒప్పుకోలేదు. "దేవుడిదో, ఎవరిదో, గొట్టాన్ని అడుగుదాం" అంది. మందుల షాపులో గాజు గొట్టం, నీలం మందు కొనుక్కొచ్చి పెరట్లో కిరోసిన్ స్టవ్ వెలిగించింది. మా అమ్మ వెనక గుమ్మంలోంచి చూసి, "ఉచ్చ కాచుకునే రోజులు గూడ వచ్చినయా దేవుడా!" అని చెంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

ఆ చలికాలమంతా మా పెరడు చిన్న లాబొరేటరీ. తేనె వేసుకుని చాయ్ తాగిన రోజు గొట్టం ఇటుక రంగు. సుగుణ నమ్మలేక మళ్లీ చూసింది, మళ్లీ ఇటుకే. వాళ్లన్న అనంతగిరి నుంచి ఈత నీరా తెచ్చి, కాచి, చిక్కటి పాకం చేశాడు. కమ్మగా, పొగ వాసనతో, ఎంత బాగుందో చెప్పలేను. గొట్టం నారింజ రంగు. బెల్లం పాకం, ఇటుక. ఖర్జూరాలు నానబెట్టి పిండిన రసం, పసుపు దాటి నారింజ. తేనెటీగ తెచ్చినా, చెట్టు కార్చినా, గానుగ పిండినా గొట్టానికి పట్టింపు లేదు.

డాక్టరమ్మకు చెబితే నవ్వింది. "పేర్లు వేరు నర్సింహ గారూ. గొంతు దిగాక అన్నీ చక్కెర చుట్టాలే. తేనెను అసలు ముట్టొద్దని నేను అనను. లెక్కలోకి రాదని మాత్రం అనుకోకండి."

ఆ లెక్క సుగుణ తేల్చింది. పరిగడుపున, చాయ్‌లో, తేనె పనికిరాదు. మధ్యాహ్నం జొన్న రొట్టె, మెంతికూర పప్పు, మజ్జిగ తిన్నాక చివర్లో చిన్న చెంచాడు నాకితే, ఆ పూట అన్నం మానేస్తే, గోలీ తప్పకుండా వేసుకుని కాసేపు నడిస్తే, గొట్టం నీలంగానే ఉంటుంది. మహా అయితే లేత ఆకుపచ్చ. ఆ చెంచాడు తేనె కోసం నేను మధ్యాహ్నం దాకా ఎదురుచూసేవాణ్ని. పండగ పూట లడ్డూ కూడా అంత తీపిగా ఎప్పుడూ తినలేదు. "చాయ్ చక్కెర లేకుండ ఉత్తది తాగు. ఎవరన్నా అడిగితే షుగర్ అని చెప్పు. దొంగతనం చేసినావా ఏంది?" అంది సుగుణ.

నేను చెప్పలేదు. తనతో బేరమాడాను. రోజుకు ఒకే ఒక్క మిల్లులో, నలుగురూ చూసేచోట, చాయ్‌లో నాలుగు చుక్కలు. దానికి బదులు రాత్రి అన్నం పూర్తిగా బంద్. సుగుణ ముఖం చిట్లించుకునే ఒప్పుకుంది. మిగతా మిల్లుల్లో, "ఇందాకనే తీపి తాగిన, ఉత్తది పొయ్యండి" అనేవాణ్ని.

ఎనభై ఎనిమిది నాటికి ఒళ్లు మళ్లీ నిండింది. షుగర్ సంగతి ఎట్లాగో బయటపడింది. విచిత్రమేమిటంటే దానివల్ల నా పరువు పోలేదు, పెరిగింది. షుగర్ వచ్చి కూడా గుండ్రాయిలా ఉన్నాడు, తేనెతోనే, అన్నారు. "తేనె బ్రోకర్" అని పేరు పడింది. నేను జేబులోంచి సీసా తీసి, మూత విప్పి, నాలుగు చుక్కలు వంచుతుంటే హమాలీలు కూడా పని ఆపి చూసేవాళ్లు. బియ్యం అమ్మే నోరు కదా, తేనె కథ కూడా బాగానే అమ్మాను. అందులో గోలీ లేదు, జొన్న రొట్టె లేదు, సుగుణ లేదు. ఇటుక రంగు గొట్టం అసలే లేదు.

తొంభై ఎండాకాలం. మిర్యాలగూడలో నేను ఎక్కువగా పోయే మిల్లులో యాదగిరి కళ్లం మేస్త్రీ. ఉడికిన వడ్లను ఆవిరి తగ్గకముందే సిమెంటు కళ్లం మీద కుమ్మరిస్తారు. వాటిని కాళ్లతో చాళ్లు తీసి తిరగేయాలి. తిండిగింజ మీద చెప్పులతో నడవరు కనుక అందరూ వట్టి కాళ్లే. యాదగిరి ఆ కాళ్లతోనే వడ్ల తడి చెప్పేవాడు. మడమతో ఒకసారి నొక్కి, "ఇంకో గంట ఆగాలె" అంటే గంటే. అతనికి ఆ కాళ్లంటే అంత గర్వం.

అతనికీ షుగర్ వచ్చింది. చాయ్ దగ్గర నా పక్కన చతికిలబడ్డాడు.

"అన్నా, నిజం చెప్పు. గోలీలు ఏస్తున్నవా?"

చుట్టూ అరడజను మంది. సేటు కూడా గల్లా దగ్గర నుంచి చూస్తున్నాడు.

"నాకు గోలీలెందుకు యాదగిరీ" అన్నాను. జేబులో పట్టీ గుచ్చుకుంటూనే ఉంది.

"మల్ల నాకెందుకు?" అని నవ్వాడు. నా సీసా అతని చేతిలో పెట్టాను. తరువాత మఠంపల్లి నుంచి పెద్ద సీసా కూడా తెప్పించి ఇచ్చాను. మంచిపని చేశాననే అనుకున్నాను, ఆ కాసేపు.

అతను గోలీలు పక్కన పెట్టాడు. పొద్దున్నే పరిగడుపున గోరువెచ్చని నీళ్లలో తేనె, సాయంత్రం ఇంకో గ్లాసు. మూడు పూటలా సన్నబియ్యం అన్నం. అంతకుముందే తిమ్మిరెక్కుతున్న అరికాలు నెల తిరగకుండా మొద్దుబారింది. వేడివేడి వడ్ల మీద నడిస్తే కాలలేదు. "గిప్పుడు నాకు నిప్పులు గూడ లెక్కలేవు" అని మురిశాడట. కాలింది, అతనికి తెలియలేదు, అంతే. లింగమ్మ పొక్కు చూసేసరికి బొటనవేలు నల్లబడింది.

సూర్యాపేటకు తెచ్చారు. అప్పుడే నేను ఆ వరండాలో కూర్చున్నది. బొటనవేలు, పక్క వేలు తీసేశారు. ఇంకొన్నాళ్లు ఆలస్యమైతే మోకాలి దాకా పోయేదన్నారు. లింగమ్మకు రోజూ సుగుణ సద్ది కట్టి పంపింది. నర్సు ఒకామె తన కుర్చీ తెచ్చి లింగమ్మకు వేసింది. అందరూ ఏదో ఒకటి ఇచ్చారు. నేను ఇవ్వాల్సింది ఒక్క మాట. అది తప్ప అన్నీ ఇచ్చాను.

ఇంటికి వచ్చి సుగుణకు చెప్పాను, లింగమ్మ ఏమడిగిందో, నేనేమన్నానో. ఆమె రొట్టె తట్టడం ఆపింది.

"ఒక్కొక్కరి ఒళ్లు ఒక్కో తీరా? మరి ఈ నాలుగేళ్లు నేను కాచింది ఏంది?"

నేను చొక్కా విప్పి వంకెకు తగిలించాను.

"గోలీ సంగతి దాచావు, పోనీ. నన్ను కూడా దాచావు. రొట్టె దాచావు. ఇగ నీ గొట్టం నువ్వే కాచుకో."

మర్నాడు తనే మిర్యాలగూడ బస్సెక్కి లింగమ్మకు ఒక గాజు గొట్టం, నీలం మందు ఇచ్చి, కాచడం నేర్పి, జొన్న రొట్టె, ఆకుకూర పెట్టమని, గోలీ మానొద్దని చెప్పి వచ్చింది. నా సంగతి మాత్రం వాళ్లకు చెప్పలేదు. "అది నీ నోటితో రావాల్సింది" అంది.

తరువాత మూడేళ్లు మా ఇంట్లో మాటలు తగ్గాయి. సుగుణ వేళకు వండేది. గొట్టం ముట్టుకునేది కాదు. నేనూ కాచలేదు. మిల్లుల్లో మాత్రం తేనె బ్రోకర్‌నే. "సీసా ఏది సాబ్?" అనేవాళ్లు. మొదట ఒక్క చోట, తరువాత రెండు చోట్ల, ఆ తరువాత ప్రతి చాయ్‌లో. నా కథ నిలబెట్టుకోవడానికి నా ఒంట్లో తేనె పోసుకున్నాను.

తొంభై మూడు వానాకాలంలో కోదాడ మిల్లులో శాంపిల్ అరచేతిలో పోసుకుని చూస్తే నూక ఏదో, గింజ ఏదో తెలియలేదు. అంతా ఒక్కటే తెల్లటి మసక. కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను. అక్కడా అంతే. సేటు గుమస్తా, "ఏందండీ, ఇవాళ అంతసేపు చూస్తున్నారు?" అన్నాడు. "బాగుంది" అన్నాను, చూడకుండానే. బయటికి వచ్చి బస్సు బోర్డు చదవలేక, సూర్యాపేట బస్సు ఏదని ఎవరినో అడిగాను. ఇరవై ఏళ్లుగా ఎక్కిన బస్సు.

ఇంట్లో అరుగు మీద కూర్చుని సుగుణకు చెప్పాను. ఆమె లోపలికి వెళ్లి, స్టవ్ మోసుకుని పెరట్లోకి నడిచింది. నేను వెనకాలే వెళ్లి, "కోపం పోయిందా?" అన్నాను.

"పోలే" అంది, పుల్ల గీస్తూ. "కళ్లు పోతే యాదగిరి మొహం చూసి ఆ మాట ఎట్ల చెప్తావు? అందుకని."

గొట్టం ఇటుక రంగు.

కళ్ల డాక్టర్ దగ్గర కూర్చున్న ఆ ఉదయం నా బతుకులో అన్నిటికన్నా పొడుగైనది. చుక్కల మందు వేసి కళ్లు మూసుకోమన్నారు. సుగుణ పక్కనే కూర్చుని, ఎవరెవరు వస్తున్నారో, ఎవరు ఏ రంగు చీర కట్టారో, నా చెవిలో చెబుతూ ఉంది, నేను భయపడకుండా. డాక్టర్ చూసి, లోపల దెబ్బ తినలేదని, షుగర్ ఎక్కువై చూపు మసకబారిందని, అది దిగితే కొన్ని వారాల్లో చూపు దానంతట అదే తిరిగి వస్తుందని అన్నాడు. తేనె పూర్తిగా ఆపాను. డాక్టరమ్మ గోలీ పెంచింది. ఉప్పుడు బియ్యం పిడికెడే. చీకటి పడకముందే సుగుణ నా చెయ్యి పట్టుకుని ఖమ్మం రోడ్డు మీద నడిపించేది. ఒక పొద్దున అరచేతిలో బియ్యం పోసుకుంటే నూక నూకలా, గింజ గింజలా కనిపించింది. ఆ సాయంత్రం గొట్టం కాస్తే మందు పోసినప్పటి నీలంగానే ఉండిపోయింది. మా అమ్మ కూడా వచ్చి చూసి, "ఎంత సక్కటి నీలమే" అంది. మా ఇంట్లో అంతకన్నా గొప్ప రంగు లేదు.

ఆ తరువాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే చివర ఉండాల్సింది వేరే ఉంది. ఇవాళ యాదగిరి రెండో కాలు నిక్షేపంగా ఉంది. గింజ మీద చెప్పులతో నడవనని అతను మొండికేస్తే, లింగమ్మ గోనె బట్టకు పాత చీర అస్తరు వేసి పాదాలకు తొడుగులు కుట్టింది. తోలు లేదు కనుక గింజకు తప్పు లేదు, పాదం కాలదు. ఇప్పుడు ఆ కళ్లంలో ఆడా మగా అందరూ అవే వేసుకుంటారు. ఆ మిల్లు చాయ్ దగ్గర చక్కెర లేని గ్లాసులు విడిగా పెడతారు, అడిగేవాడు సిగ్గుపడడు. నేను సీసా మళ్లీ పెట్టుకున్నాను, ఇంట్లో, గూట్లో. మధ్యాహ్నం రొట్టె తిన్నాక చెంచాడు, అదీ సుగుణ అనుమతిస్తేనే. షుగర్ ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే ఒక్క మాట. తేనెకు భయపడకండి, దాన్ని నమ్మకండి. డాక్టర్ ఇచ్చిన గోలీని ఎవరి కథ విని కూడా మానకండి, నాలాంటివాడి కథ విని అసలే మానకండి.

తొంభై నాలుగు సంక్రాంతి ముందు, చలికాలం. చూపు వచ్చాక మొదటిసారి ఆ మిర్యాలగూడ మిల్లుకు వెళ్లాను. అలవాటుకొద్దీ సీసా పై జేబులో ఉంది, గోలీలు లోపలి జేబులో. చాయ్ వచ్చింది. యాదగిరి కుంటుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు. మొహం వెలిగిపోతోంది.

"అన్నా, మల్ల మొదలుపెట్టిన" అన్నాడు.

"ఏంది?"

"తేనె. అప్పుడు నేనే తప్పు జేసిన. పరిగడుపున నీళ్లల్ల తాగిన. గిప్పుడు నీ లెక్కనే చాయ్‌ల పోసుకుంటున్న. గోలీలు బంద్ వెట్టి పదిరోజులాయె." చెయ్యి చాచాడు. "నీ సీసా ఇటియ్యి, మా వోళ్లకు గూడ సూపిస్త."

వెనక గోడ దగ్గర లింగమ్మ గంప దించుతూ, "గొట్టం ఎర్రగైతున్నదన్నా. అంటే ఇనడు. నర్సన్నకు పనిచేసింది నాకెందుకు జెయ్యదంటడు. నా ఒళ్లే పాపిష్టిదంటడు" అంది.

అతని కాలు చూశాను. బాగున్న ఆ రెండో కాలు, వేళ్లన్నీ ఉన్న కాలు, చెమ్మ వడ్ల అంచు మీద వట్టిగా ఉంది.

చాయ్ కింద పెట్టాను. శాంపిల్ సంచి విప్పలేదు. చెప్పులు విడిచి కళ్లంలోకి నడిచాను. వడ్లు అరికాళ్లను కాలుస్తున్నాయి, నాకు ఆ కాలడం తెలుస్తోంది. మధ్యలో నిలబడి ఒక జేబులోంచి, ఇంకో జేబులోంచి తీసి రెండు గుప్పిళ్లూ బిగించాను. హమాలీలు బస్తాలు దించి చూశారు. సేటు గల్లా వదిలి గుమ్మంలోకి వచ్చాడు. బ్రోకర్ కళ్లం మధ్య గుప్పిళ్లతో నిలబడ్డాడంటే ఏమిటో అక్కడ అందరికీ తెలుసు.

"ఏ లోడు సాబ్?" అని ఎవరో అడిగారు.

కుడి గుప్పిట తెరిచాను. తేనె సీసా. ఎడమ గుప్పిట తెరిచాను. సగం వాడిన గోలీల పట్టీ.

"యాదగిరీ, నేను మీ అందరికీ చూపించింది ఇది" అని కుడి చెయ్యి ఎత్తాను. "నన్ను బతికించింది ఈ గోలీ. ఇదీ, నా భార్య సుగుణ తట్టిన జొన్న రొట్టె, ఆమె పెట్టిన కట్టడి. ఎనభై ఆరు నుంచి ఒక్క పూట గోలీ మానలేదు. ఈ తేనె తాగితే నా గొట్టం కూడా ఎర్రబడ్డది. నాకు ముందే తెలుసు. నువ్వు అడిగిన రోజు తెలుసు, లింగమ్మ అడిగిన రోజు తెలుసు. నీ ఒళ్లు పాపిష్టిది కాదు తమ్మీ. నా నోరు. శాంపిల్ వేరు, సరుకు వేరు. తప్పు నాది."